జింక పడకలో కూర్చుని చూశాక మంచె మార్చాను

ఒహాయోలో మిత్రుడి 40 ఎకరాల అడవిలో వేటకు అనుమతి దొరికిందని, మొక్కజొన్న చేను మూలనున్న ఓక్ చెట్టు దగ్గర పెట్టిన కెమెరాలో పెద్ద కొమ్ముల మగ జింక ఒకటి రాత్రిళ్లు మాత్రమే పడుతోందని, మంచె ఎక్కడ కడితే అది పగటి పూట కంటబడుతుందని మీరు అడిగారు. నేను విస్కాన్సిన్‌లో పన్నెండేళ్లుగా విల్లుతో తెల్లతోక జింకలను వేటాడుతున్నాను. మొదటి ఏడేళ్లూ నేను చేసింది సరిగ్గా మీరు ఇప్పుడు చేయబోతున్న పనే కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను: ఆ ఓక్ చెట్టును కొంతకాలం పక్కన పెట్టండి. ముదురు మగ జింక పగలు ఎక్కడ పడుకుంటుందో, అక్కడి నుంచి మీ రాకను ఎలా పసిగడుతుందో తెలుసుకోకుండా ఏ చెట్టుకు మంచె కట్టినా అది ఖాళీ మంచే అవుతుంది.

ఇక్కడివాళ్లు ట్రీ స్టాండ్ అనే దాన్ని నేను మంచె అనే అంటాను. కర్నూలు జిల్లాలో మా తాతగారు జొన్న చేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలేవారు. ఆ మంచె ఊరంతటికీ కనిపించాలి, ఆయన కేక పొలిమేర దాకా వినిపించాలి. నేను అమెరికాలో కట్టిన మొదటి మంచె కూడా దాదాపు అలాగే ఉండేదని తరువాత తెలిసింది.

మాడిసన్ నుంచి రెండు గంటల దూరంలో, రాష్ట్రానికి నైరుతి మూలన, హిమానీనదాలు చదును చేయని కొండల ప్రాంతం ఒకటుంది. డ్రిఫ్ట్‌లెస్ అంటారు. కొండ వీపుల మీద, లోయల్లో చేలు, మధ్య ఏటవాలులో ఓక్ అడవి. అక్కడ ఒక వృద్ధ పాడిరైతు తన పొలంలో వేటాడుకోనిచ్చాడు. 2019 శరదృతువులో అల్ఫాల్ఫా అనే పశుగ్రాసపు చేను మూలన, లోయ అడుగున, మగ జింక గిట్టతో నేలను గీకి మూత్రం పోసి, పైనున్న కొమ్మను నమిలి వాసన వదిలిన చోట్లు మూడు కనిపించాయి. వాటినే స్క్రేపులంటారు. కెమెరా కట్టాను. కుడి చెవి కొన చీలిన మగ జింక ఒకటి పదేపదే పడింది. కొమ్ములు ఏటా చలికాలంలో రాలిపోయి వేసవికి కొత్తవి వస్తాయి కాబట్టి వాటిని బట్టి జింకను గుర్తుపట్టడం కష్టం. చెవి మాత్రం మారదు. మా ఇంట్లో అందరమూ దాన్ని చీలికచెవి అనే పిలిచేవాళ్లం. ఆ ఏడాది, ఆ మరుసటి ఏడాది కలిపి దాని ఫొటోలు అరవై దాటాయి, అన్నీ చీకటి పడ్డాక తీసినవే. మంచె మీద కూర్చున్న పదిహేడు సాయంత్రాల్లో ఒక్కసారి కూడా అది వెలుతురులో రాలేదు. రెండుసార్లు మాత్రం పైనున్న ఏటవాలులోంచి, అపాయం పసిగట్టిన జింక ముక్కుతో బుస్సుమని చీదిన శబ్దం వినిపించింది.

దానికి జవాబు 2021 మార్చిలో దొరికింది. మంచు కరుగుతున్న రోజుల్లో వేట ఉండదు, ఆకులుండవు, నిరుటి జాడలన్నీ నేల మీద పరిచినట్టు కనిపిస్తాయి, మీరు తిరిగితే చెడేదీ లేదు. అయినా చాలామంది వేటగాళ్లు ఆ నెలలో ఇంట్లో కూర్చుని కొత్త కెమెరాల ధరలు చూసుకుంటారు, అది వేరే సంగతి. వాయవ్యం నుంచి వచ్చే గాలికి చాటుగా ఉన్న ఆగ్నేయపు వాలులో, శిఖరానికి కొంచెం దిగువన, పడిపోయిన ఓక్ మాను ఒకటుంది. దాని పక్కన ఎండుటాకులు అణిగిపోయి కోడిగుడ్డు ఆకారంలో ఒక పల్లం, అందులో బూడిద రంగు వెంట్రుకలు, నాలుగడుగుల దూరంలో నా తొడంత లావున్న మొక్కకు కొమ్ములు రుద్ది బెరడు ఒలిచేసిన గుర్తు. మామూలు మగ జింకలు సన్నని మొక్కలతో సరిపెట్టుకుంటాయి. ఇంత లావు చెట్టు జోలికి సాధారణంగా పెద్దవే పోతాయి. ఎందుకో తోచి, ఆ పల్లంలోనే మానుకు వీపు ఆనించి కూర్చున్నాను.

కూర్చున్న చోటి నుంచి నా మంచె నిచ్చెన మెట్లతో సహా కనిపించింది. నేను కారు ఆపే గేటు కనిపించింది. గేటు నుంచి చేను గట్టు మీదుగా నేను నడిచి వచ్చే దారి మొదటి నుంచి చివరి దాకా కనిపించింది. శిఖరం మీదుగా వచ్చే గాలి నా వీపు వెనకనున్న అడవి వాసననంతా తెచ్చి ముక్కుకు అందిస్తోంది, ఎదురుగా లోయ మొత్తం అరచేతిలో ఉన్నట్టుంది. రెండేళ్లుగా నేను కారు దిగిన ప్రతి సాయంత్రం చీలికచెవి ఇక్కడ పడుకుని, నెమరు వేసుకుంటూ, నేను నిచ్చెన ఎక్కడం చూసిందన్నమాట. రైతుతో చెబితే ఆయన నవ్వి, తాను ట్రాక్టర్ మీద ఆ వాలు కిందుగా ఎన్నిసార్లు పోయినా ఆ జింక తలెత్తి కూడా చూడదని, నా కారు తలుపు పడిన చప్పుడుకు మాత్రం చెవులు రిక్కించడం తానే కళ్లారా చూశానని అన్నాడు. ఈ ముక్క రెండేళ్ల ముందే చెప్పి ఉండవచ్చు కదా అని అడిగితే, నువ్వు అడగలేదు కదా అన్నాడు.

ఇక గాలి సంగతి. ఫోన్‌లో వాయవ్యపు గాలి అని ఉంటే లోయ అడుగున కూడా వాయవ్యపు గాలే వీస్తుందని నేను నమ్మాను. కొండ ప్రాంతంలో ఎండెక్కే కొద్దీ వాలు మీది గాలి వేడెక్కి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడి వాగు వైపు జారుతుంది, లోయ అడుగున చెరువు నీరులా నిలిచి సుళ్లు తిరుగుతుంది. దీన్ని కంటితో చూడాలంటే సీసాలో అమ్మే పొడులు దండగ. ఇక్కడ పొలాల గట్ల మీద మిల్క్‌వీడ్ అనే మొక్క పెరుగుతుంది, అది మన జిల్లేడుకు చుట్టమే. చిన్నప్పుడు జిల్లేడు కాయ పగలగొట్టి దూది ఊదుకుంటూ పరుగెత్తిన వాళ్లకు వేరే శిక్షణ అక్కరలేదు. ఆ కాయలు నాలుగు జేబులో వేసుకుని, ఒక్కొక్క దూది పింజను వదిలి, కనుచూపు మేర దాన్ని వెంబడించండి. నా పాత మంచె నుంచి వదిలిన పింజ ముప్పై గజాలు తూర్పుకు పోయి, ఆగి, వెనక్కి తిరిగి నా నెత్తి మీదుగానే వచ్చింది. నా వాసన కూడా అలాగే లోయంతా తిరిగి ఉంటుంది.

వాసన చంపే సబ్బులు, చల్లుకునే ద్రావణాలు, బొగ్గు పొర కుట్టిన చొక్కాలు నేనూ కొన్నాను. వాటి మీద పెట్టిన డబ్బుతో మంచి రబ్బరు బూట్లు మూడు జతలు వచ్చేవి. ఆకుల బొమ్మల చొక్కాకు రెండు వందల డాలర్లు పోసి, దాని కింద నీలం జీన్స్ వేసుకొచ్చే వాళ్లను చూస్తే మరీ నవ్వొస్తుంది: జింక కంటికి ఎరుపు, నారింజ రంగులు సరిగా తెలియవు కానీ నీలం మనకన్నా బాగా తెలుస్తుంది.

ఆ వేసవిలో మంచె మార్చాను. జింక పడకకు నూట ఇరవై గజాల అవతల, శిఖరం కాస్త కుంగి కనుమలా ఉన్న చోట, ఆగ్నేయపు వాలులో ఒక ఓక్ చెట్టు. దాని వెనకే వాన నీరు కోసేసిన లోతైన వంక. వాయవ్యపు గాలిలో నా వాసన ఆ వంక మీదుగా ఆకాశంలోకి పోతుంది. మగ జింక నాకు గాలివాటున చుట్టి రావాలన్నా వంక గోడ దిగి రాలేదు. చెట్టు మీద పద్దెనిమిది అడుగుల ఎత్తులో, కనుమ వైపు మాను అడ్డం వచ్చేలా మంచె బిగించాను. అడ్డొచ్చే కొమ్మలు జులైలోనే నరికేశాను. తెల్లవారకముందు చల్లగాలి ఇంకా కిందికే జారుతుంటుంది కాబట్టి, రోడ్డు వంతెన దగ్గర కారు ఆపి, వాగు నీళ్లలో నడిచి, వంకలోంచి పైకి ఎక్కాలని నిర్ణయించుకున్నాను. నా వాసన నా వెనకే వాగులోకి దిగిపోవాలన్నది లెక్క. ఆ మంచె మీద వాయవ్యపు గాలి లేని రోజున కూర్చోకూడదని ఒట్టు పెట్టుకుని, అక్టోబరు అంతా ఆ దరిదాపులకు కూడా పోలేదు. ఏ మంచెకైనా మొదటిసారి కూర్చున్న రోజే బంగారం. ఆ తరువాత ప్రతి రాకతోనూ దాని విలువ పడిపోతుంది. దీనికి నా దగ్గర రుజువు లేదు, కానీ వాదించకండి.

నవంబరు రెండో వారంలో శుక్రవారం సెలవు పెట్టాను. ఎద కాలం పొంగు మీదుంది, వాయవ్యపు గాలి చలిని తెచ్చింది. అయిదున్నరకు మంచె మీద ఉన్నాను. ఎనిమిదింటికి రెండు ఆడ జింకలు కనుమ దాటి పోయాయి. తొమ్మిదిన్నరకు చలికి వేళ్లు మొద్దుబారి దిగిపోదామనుకున్నాను. చాలామంది సరిగ్గా ఆ వేళకే దిగిపోతారు, ఎద కాలంలో ముదురు మగ జింక ఆడవాటి పడకలను గాలివాటున వాసన చూసుకుంటూ తిరిగేది ఆ తరువాతే. పది నలభైకి ఎండుటాకుల మీద మనిషి నడకలా తీరిగ్గా అడుగుల చప్పుడు. మెడ ఉబ్బి ఛాతీతో కలిసిపోయి ఉంది, పొట్ట జారి కాళ్లు పొట్టిగా కనిపిస్తున్నాయి, వయసుకు గుర్తులు ఇవే కానీ కొమ్ముల కొనల లెక్క కాదు. చీలిన చెవి కనిపించాక లెక్కపెట్టడం కూడా మానేశాను. ముక్కు పైకెత్తి శిఖరం మీది గాలిని చదువుకుంటూ వస్తోంది; నేనున్న వైపు నుంచి దానికి అందేదేమీ లేదు. దాని తల ఓక్ మాను వెనక్కి పోయిన క్షణంలో విల్లు లాగాను. పంతొమ్మిది గజాలు. బాణం దిగాక అది ఎనభై గజాలు పరుగెత్తి వంక అంచున పడిపోయింది. దిగే ముందు అరగంట కూర్చున్నాను, వణుకు తగ్గాలి కదా. తరువాత రైతు దవడ తెరిచి, పళ్ల అరుగుదల చూసి, ఆరేళ్ల పైమాటే అన్నాడు. మన వైపు మేకమాంసాన్నే వేటమాంసం అంటారు. మా పిల్లలకు మాత్రం ఆ మాటకు అసలు అర్థం ఆ చలికాలమంతా కంచంలోనే తెలిసింది.

ఇండియాలో ఉండి ఇది చదివేవారికి ఒక మాట: అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం, ఇదంతా లైసెన్సు, రుతువు ఉన్న ఈ దేశపు సంగతి.

ఇక మీ 40 ఎకరాలకు వస్తే, ఈ సీజనులో ఆ ఓక్ చెట్టు కింద రాలిన కాయలను చూసి మోసపోకండి. తెల్ల ఓక్ కాయలకు జింకలన్నీ వస్తాయి, కానీ ముదురుది చీకటి పడ్డాకే వస్తుంది. మార్చిలో దాని పడక వెతికి అందులో కూర్చుని చూడండి. అంతవరకు ఆగలేకపోతే, మొక్కజొన్న కోసే యంత్రం చేలో తిరుగుతున్న రోజున దాని మీదే వెళ్లి మంచె దగ్గర దిగండి. నేల మీద ఉన్నప్పుడే హార్నెస్, అంటే పడిపోకుండా ఒంటిని చెట్టుకు కట్టి ఉంచే పట్టీలు, తగిలించుకోండి. నడుము విరిగితే ఏ జింకా మీ కోసం ఆగదు. మీ మిత్రుడి ఇల్లు, కారు ఆపే చోటు ఆ అడవికి ఎటువైపున్నాయో మీరు రాయలేదు. అవి పడమర వైపు ఉంటే, మీరు గేటు తీసిన రోజుల్లో పడమటి గాలి వీస్తే, ఆ జింకకు మీరు మంచె చేరకముందే సంగతి తెలిసిపోతుంది.