ఎండు పీచ్ పండే, మరి ఎన్ని తినొచ్చు? (మీరడిగారు, మేం చెప్తున్నాం)

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది బొబ్బిలి. మా పెద్దమ్మాయి అమెరికా నుంచి వస్తూ ఎండు పీచ్ ప్యాకెట్లు రెండు పట్టుకొచ్చింది. నారింజ రంగులో, చెవి తమ్మెల్లా ముడుచుకుని మెత్తగా ఉన్నాయి, తియ్యగా ఉన్నా చివర్లో కాస్త పులుపు తగుల్తోంది. మా వారికి షుగర్ ఉంది, "ఇది పంచదార కాదు కదా, పండే కదా" అని టీవీ ముందు కూర్చుని డబ్బా మూత తీస్తే మళ్ళీ పెట్టడం లేదు. నాకేమో ఒంట్లో రక్తం తక్కువ అన్నారు, డ్రైఫ్రూట్స్ తింటే పడుతుందని పక్కింటి పిన్నిగారి మాట. మా అత్తగారు సోంపేట దగ్గర మా మరిది ఇంట్లో ఉంటారు, ఆవిడకి క్రియాటినిన్ ఎక్కువ, అంటే కిడ్నీ సరిగ్గా పనిచెయ్యట్లేదన్నారు. రెండో ప్యాకెట్ ఆవిడకి పంపుదామనుకుంటున్నాం, పంపొచ్చా?

జవాబు: పంపకండమ్మా. అత్తగారి సంగతే ముందు చెప్తాను, మిగతావి తర్వాత. వంద గ్రాముల ఎండు పీచ్‌లో దగ్గర దగ్గర 1000 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, అదే తాజా పీచ్‌లో 190. కిడ్నీ బాగున్నవాళ్ళకి పొటాషియం మంచిదే, ఎక్కువైంది మూత్రంలో పోతుంది, కానీ కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి అది బయటికి పోక రక్తంలోనే నిలిచిపోయి గుండె కొట్టుకునే లయనే తప్పిస్తుంది. మీ అత్తగారుండే ఉద్దానం వైపు ఈ కిడ్నీ జబ్బు ఇన్నేళ్ళుగా ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు, 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ మొదలయ్యాయి. అక్కడ ఏ ఇంట్లో అడిగినా క్రియాటినిన్ నంబర్ నోటికి చెప్తారు గానీ పొటాషియం ఎంతుందంటే తెల్లమొహం వేస్తారు. ఈసారి రక్తపరీక్షకి వెళ్ళినప్పుడు అది కూడా చూపించమనండి, రిపోర్ట్ చూసి ఆవిడ డాక్టర్ ఒక ముక్క తినొచ్చు అంటే అప్పుడు తింటారు. ఎండు ఖర్జూరం, కిస్మిస్, ఆఖరికి వాళ్ళ తోటలో కోసిచ్చే కొబ్బరిబొండం నీళ్ళక్కూడా ఇదే మాట, "చలవ చేస్తుంది తాగత్తా" అని ఎవరైనా ప్రేమగా ఇచ్చినా సరే.

ఇక మీ వారు. ఆయన మాట సగం నిజమే, పండే, కాదనను, కానీ నీళ్ళు తీసేసిన పండు. తాజా పీచ్‌లో 88 శాతం దాకా నీళ్ళే, ఎండాక 32 శాతం ఉంటాయి, అంటే కిలో ఎండు పీచ్ కావాలంటే ఆరు కిలోల దాకా పండ్లు ఎండాలన్నమాట. నీళ్ళయితే పోయాయి గానీ అందులో తీపి ఎక్కడికీ పోలేదు కదా, ముక్క చిన్నదైపోయి కంటికి తక్కువగా కనపడుతుంది, అక్కడే అందరం మోసపోతాం. మీ ఇంట్లో వంటకి వాడే చిన్న కాటా ఉంటే ఒక బద్ద పెట్టి చూడండి, 13 గ్రాములు అటూ ఇటూగా ఉంటుంది. రెండు బద్దలంటే ఒక నిండు పీచ్ పండు, 60 కేలరీలు, పదకొండు గ్రాముల తీపి. ఆయన టీవీ ముందు పది బద్దలు లాగించారనుకోండి, అయిదు పీచ్ పండ్లు తిన్నట్టు. అదే అయిదు తాజా పండ్లు కోసి పళ్ళెంలో పెడితే రెండోదానికే "చాల్లే" అంటారు.

కాబట్టి మానెయ్యమని గొడవ పడకండి, మానరు. రెండు బద్దలు ఒక చిన్న గిన్నెలో వేసి ఇచ్చి డబ్బా లోపల పెట్టెయ్యండి. ఆ రోజు ఆ పూట వేరే పండు ఉండకూడదు, అంటే అరటిపండు తిన్నాక ఇవి కాదు, అరటిపండుకి బదులు ఇవి. ఒట్టిగా కాకుండా గుప్పెడు వేరుశనక్కాయలతోనో పెరుగుతోనో తింటే షుగర్ ఒక్కసారిగా ఎగరదు. తిన్నాక రెండు గంటలకి ఇంట్లో మిషన్ ఉంటే చూసుకోమనండి, నేను చెప్పినదానికంటే ఆ నంబర్ చెప్పిందే వింటారు. పంటికి అంటుకుంటాయి కాబట్టి నోరు పుక్కిలించాలి. రాత్రి నానబెట్టుకుంటే మెత్తబడతాయి, అయితే నానిన నీళ్ళు కూడా తాగితే తీపి ఏం తగ్గదు, అది వేరే సంగతి.

ఒక హెచ్చరిక కూడా. పీచ్‌లో సార్బిటాల్ అని ఒక రకం తీపి పదార్థం ఉంటుంది, ఎక్కువైతే కడుపు కదిలిస్తుంది. నేనే ఒకసారి సిక్కోలు నుంచి విశాఖ బస్సులో వెళ్తూ ఊసుపోక సగం ప్యాకెట్ తినేసి, ఆనందపురం దాటేలోగా పడ్డ అవస్థ ఇక్కడ రాయలేను.

మీ రక్తం మాటకొస్తే, పిన్నిగారికి బాధ కలక్కుండా చెప్పండి. ఎండు పీచ్ వంద గ్రాముల్లో ఇనుము 4 మిల్లీగ్రాములు, మీరు తినే రెండు బద్దల్లో ఒక్కటి. ఆడవాళ్ళకి రోజుకి కావలసింది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్కలో 29 మిల్లీగ్రాములు. ఇక మీరే చూసుకోండి. పొద్దున్నే చోడంబలి (రాగి అంబలి), మధ్యాహ్నం తోటకూరో మునగాకో, పైన నిమ్మకాయ పిండుకోవడం, అన్నం తిన్న వెంటనే టీ తాగకపోవడం, ఇవన్నీ చేసి డాక్టర్ రాసిన ఐరన్ మాత్ర మానకుండా వేసుకోండి. నిమ్మకాయ ఎందుకన్నానంటే ఆకుల్లో, గింజల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే సి విటమిన్ తోడుండాలి, ఎండు పండులో అది చాలావరకు ఎండేటప్పుడే పోతుంది.

ఇంకో సంగతి, మీరు నారింజ రంగు అన్నారు కదా, అంత మెరుపు ఉందంటే సల్ఫర్ పొగ పెట్టినవే, లేబుల్ మీద 220 అనో సల్ఫర్ డయాక్సైడ్ అనో ఉంటుంది చూడండి. పొగ పెట్టకపోతే గోధుమరంగుకి తిరిగి నల్లబడతాయి, చూడ్డానికి బాగోవు గానీ తినడానికి తేడా లేదు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే మాత్రం ఈ మెరిసేవి పెట్టకండి, కొందరికి ఆయాసం వస్తుంది. మన దగ్గర గాల్లో తేమ ఎక్కువ, వానాకాలంలో ప్యాకెట్ మడతపెట్టి అలమరాలో పడేస్తే వారంలో బూజు పడుతుంది, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ప్రశ్న: జీడిపప్పు కూడా డ్రైఫ్రూటే కదండీ, రోజూ ఎన్ని తినొచ్చు? (కాశీబుగ్గ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: షాపువాళ్ళ భాషలో డ్రైఫ్రూటే, నిజానికి గింజ. ఎండు పండులో తీపి, జీడిపప్పులో కొవ్వు, వంద గ్రాములకి 44 గ్రాములు, 550 కేలరీలు. షుగర్ ఉన్నవాళ్ళకి పర్వాలేదు, బరువు తగ్గాలనుకునేవాళ్ళకి చెయ్యి ఆగాలి, జీడి ఊళ్ళో ఉండి చెయ్యి ఆగడం ఎంత కష్టమో నాకూ తెలుసు. రోజుకి పది గుండ్లు, ఉప్పూ కారం నూనెలో వేపినవి కాకుండా. బద్దయినా గుండయినా లోపలున్నది ఒకటే, రేటే తేడా.

ప్రశ్న: అయితే మన భీమాలి మామిడి తాండ్ర కూడా ఎండు పండే కదా, పిల్లలకి రోజూ పెట్టొచ్చా? (కొత్తవలస)

జవాబు: మామిడి గుజ్జు చాప మీద పొర మీద పొర పూసి ఎండబెడతారు కాబట్టి పుట్టుక పండే. కానీ చాలాచోట్ల గుజ్జులో పంచదారో బెల్లమో కలుపుతారు, అక్కడినుంచి అది మిఠాయి లెక్క. కొనేటప్పుడు ఏం కలిపారో అడగండి. వారానికి ఒకట్రెండు సార్లు అగ్గిపెట్టెంత ముక్క, అన్నం తిన్నాక, తర్వాత నోరు కడిగించి. రోజూ మాత్రం వద్దు, ఎండాకాలంలో ఎలాగూ మామిడిపళ్ళు తింటూనే ఉంటారు.