ఓటు హైదరాబాద్‌లో, పోటీ ఊళ్లో

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లాలోని ఒక గ్రామం. పదేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకు ఉంటున్నాం, నా ఓటు కూడా ఇక్కడే ఉంది. నాకు 22 ఏళ్లు. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేశాను. ఊళ్లో మాకు ఇల్లు, రెండెకరాల పొలం ఉన్నాయి. అక్కడ సర్పంచ్‌గా పోటీ చేయాలని ఉంది. అయితే 25 ఏళ్లు నిండాలనీ, డిగ్రీ ఉండాలనీ, మా తల్లిదండ్రులకు నేను మూడో సంతానం కాబట్టి పనికిరాననీ అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ మూడింటిలో ఏదీ మీకు అడ్డు కాదు. అసలు అడ్డంకి మీరు మాటవరసకు రాసిన ఓటు సంగతిలో ఉంది.

25 ఏళ్ల నిబంధన శాసనసభకు, లోక్‌సభకు సంబంధించినది. పంచాయతీలకు 21 ఏళ్లు నిండితే చాలునని రాజ్యాంగంలోని 243-ఎఫ్ అధికరణమే చెబుతోంది. చదువు షరతు హర్యానా పెట్టుకున్నది. దాన్ని 2015లో సుప్రీంకోర్టు సమర్థించిన మాట నిజమే గాని, తెలంగాణ చట్టంలో అలాంటి షరతు లేదు. ఇక ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధన అభ్యర్థికి ఎందరు పిల్లలన్నది చూసేదే తప్ప, అభ్యర్థి తోబుట్టువుల లెక్క తీసేది కాదు. పంచాయతీలకు సంబంధించి దాన్ని కూడా 2025లో ఎత్తివేశారు.

ఓటు విషయం అంత తేలిక కాదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సర్పంచ్ అభ్యర్థి పేరు ఆ గ్రామపంచాయతీ ఓటర్ల జాబితాలోనే ఉండాలి, ఆ జాబితాను శాసనసభ నియోజకవర్గ జాబితా ఆధారంగానే తయారు చేస్తారు. ఆ జాబితాలో చేరాలంటే అక్కడ సాధారణ నివాసి, అంటే మామూలుగా అక్కడే ఉంటున్నవారు, అయి ఉండాలి. ఊళ్లో సొంత ఇల్లున్నంత మాత్రాన అలా అయినట్లు కాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం స్పష్టంగానే చెబుతోంది. సంక్రాంతికి వెళ్లి నాలుగు రోజులుండి రావడం నివాసం కిందికి రాదు. మీరు నిజంగానే అక్కడికి కాపురం మారితే ఫారం-8 ద్వారా ఓటును బదిలీ చేయించుకోవచ్చు. ఇక్కడి ఓటును దాచి, అక్కడ ఫారం-6తో కొత్త ఓటరుగా చేరే పని మాత్రం చేయకండి: రెండు చోట్ల ఓటు ఉండకూడదు, తప్పుడు ధ్రువీకరణకు ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

బదిలీ పూర్తయ్యాక గుర్తింపు కార్డు చేతికి వచ్చిందని నిశ్చింతగా ఉండిపోకుండా, పంచాయతీ జాబితా వెలువడగానే అందులో మీ పేరు, తండ్రి పేరు, క్రమసంఖ్య స్వయంగా చూసుకోండి. నామినేషన్ పరిశీలనలో అధికారి చూసేది ఆ జాబితానే. మీ ఊరి సర్పంచ్ పదవి ఏ వర్గానికి రిజర్వు అయిందో కూడా ముందే తెలుసుకోండి.