లైకులు సరే, చీరలు కదిలేదెప్పుడు?

ప్రశ్న: నమస్తే అండీ. మంగళగిరి కాటన్ చీరలు తెప్పించి, ఇంట్లో నుంచే ఇన్‌స్టాలో, వాట్సాప్ స్టేటస్‌లో అమ్ముతున్నాను. రోజూ పోస్టు పెడతాను, లైకులు వస్తాయి, ఆర్డర్లు మాత్రం అంతంతే. వచ్చినవాటిలోనూ 'ఫొటోలో ఒక రంగు, చీర ఇంకో రంగు' అని గొడవ. అసలు ఏం రాయాలి?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఏం రాయాలో మీ కస్టమర్లే చెబుతున్నారు కదండీ, ఆ రంగు గొడవతోనే మొదలుపెట్టండి. 'లేటెస్ట్ కలెక్షన్, సూపర్ క్వాలిటీ, త్వరపడండి' అని అందరూ రాసేదే, ఎవరూ చదవరు. ఇలా రాసి చూడండి: 'ఇది వంగపండు రంగు. ఫోన్‌లో నీలంగా కనిపిస్తోంది కానీ నీలం కాదు. నీలమే కావాలనుకుంటే ఇది తీసుకోకండి.' బేరం పోతుందని భయపడకండి, అలా పోయేది ఎలాగూ వెనక్కి వచ్చే చీరే. ఫొటో ట్యూబులైటు కింద కాకుండా పగలు కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడనిచోట, ఫిల్టర్ లేకుండా తీయండి. అంత చేసినా ఊదా, వంగపండు లాంటి రంగులు కెమెరాలో మారిపోతుంటాయి, అందుకే రంగు పేరు మాటల్లో చెప్పాలి, అదీ కాప్షన్ మొదట్లోనే, ఎందుకంటే ఇన్‌స్టాలో పైన ఒకటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే. ఆ కాస్త చోటునీ ఎమోజీలతో నింపితే ఎలా?

తర్వాత మీ పాత వాట్సాప్ చాట్లు తిరగేయండి. బ్లౌజు ముక్క ఉందా, రంగు పోతుందా, గంజి పెట్టాలా, అంచు జరీదేనా... వాళ్లు అడిగిన మాటల్లోనే ఒక్కో ప్రశ్నకి ఒక్కో పోస్టు. రంగు పోతుందో లేదో మీకే తెలియకపోతే ఒక చీర ఉతికి వీడియో తీయండి, కొంచెం వదిలితే అదీ చూపించి 'మొదటిసారి విడిగా, చన్నీళ్లలో ఉతకండి' అనండి.

'ధర కోసం ఇన్‌బాక్స్ చేయండి' అనేది మాత్రం మానేయండి, నాకైతే అది చూస్తేనే చిరాకు. కొరియర్ ఖర్చుతో సహా ధర అక్కడే రాసేయండి.

ఎవరైనా కామెంట్లో తిడితే డిలీట్ చేయొద్దు, చీర వెనక్కి తీసుకుంటారో లేదో, కొరియర్ డబ్బులు ఎవరివో దాని కిందే చెప్పి, ఆర్డర్ వివరాలు మెసేజ్‌లో అడగండి. ఈ వాపసు పద్ధతి ముందే ఒక పోస్టుగా పెట్టేస్తే సగం టెన్షన్ ఉండదు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది కాబట్టి ఇలాంటి జవాబులన్నీ ఇన్‌స్టాలో స్టోరీగా పెట్టి, ప్రొఫైల్‌లో అలాగే నిలిచి ఉండే హైలైట్స్‌లో దాచి, అడిగినవాళ్లకి ఆ లింకు పంపండి.