దుకాణం బోర్డుకు లావుగా, ఇరుకుగా ఉండే తెలుగు ఫాంట్ ఏది? నొక్కిన అక్షరాలు ఎందుకు చెడతాయి?

మీరు మిర్యాలగూడలో బియ్యం దుకాణానికి 8 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు బోర్డు చేయిస్తున్నారు. ఇంగ్లీషులో ఇంపాక్ట్ ఎట్లా ఉంటుందో తెలుగులో అట్లాంటి ఫాంట్ కావాలన్నారు. కోరల్‌డ్రాలో 'అను' అనే తెలుగు ఫాంటును అడ్డంగా 65 శాతానికి నొక్కితే అక్షరాలు పీలగా వచ్చాయన్నారు. ముందు ఆ నొక్కుడు సంగతి చూద్దాం, అసలు చెడు అక్కడే ఉంది.

ఒక అక్షరంలో నిలువు గీత, అడ్డ గీత రెండూ 20 మి.మీ. మందం అనుకోండి. 65 శాతానికి నొక్కగానే నిలువు గీత 13 మి.మీ.కు పడిపోతుంది, అడ్డ గీత 20 దగ్గరే ఉంటుంది. దూరం నుంచి కంటికి పట్టు ఇచ్చేది నిలువు గీత. అదే సన్నబడింది. దాన్ని లావు చేద్దామని 4 మి.మీ. అవుట్‌లైన్ ఇస్తే అందులో సగం అక్షరం లోపలికే పెరుగుతుంది. 6 మి.మీ. ఉన్న లోపలి ఖాళీ రెండు వైపులా 2 చొప్పున పోయి 2 మి.మీ. మిగులుతుంది. అప్పుడు ప తలకట్టు పక్కనున్న సందు పూడి వ లాగా కనిపిస్తుంది. ధ అడుగునున్న చిన్న గీత కలిసిపోయి 'ధాన్యం' కాస్తా 'దాన్యం' అవుతుంది. బియ్యం దుకాణం బోర్డు మీద ఆ తప్పు పడకూడదు.

ఇంపాక్ట్‌ను జెఫ్రీ లీ గీశారు, స్టీఫెన్సన్ బ్లేక్ సంస్థ 1965లో విడుదల చేసింది. అది నొక్కిన అక్షరం కాదు, మొదటి నుంచే ఇరుకుగా గీసింది. నిలువు గీతలు బాగా లావు, అడ్డ గీతలు వాటికన్నా సన్నం, లోపలి ఖాళీలు సన్నటి చీలికలు. చిన్న అక్షరాలు కూడా పెద్దవాటికి దగ్గర ఎత్తులో ఉంటాయి, పైకీ కిందికీ ఎక్కువ పొడుచుకు రావు. అందుకే వరుస మీద వరుస దగ్గరగా పేర్చవచ్చు. తెలుగులో ఆ వీలు లేదు. 'లక్ష్మీ' రాసి చూడండి: పైన గుడిదీర్ఘం, మధ్యలో క, కింద ష వత్తు, మ వత్తు. వెడల్పులో మిగిల్చిన చోటు ఎత్తులో ఖర్చవుతుంది. కాబట్టి ఇంపాక్ట్ అంత ఇరుకు తెలుగుకు అడగకండి. మామూలు వెడల్పులో 75 శాతం దగ్గర ఆగడం మంచిది, అదీ ఆ వెడల్పుకే గీసిన ఫాంటులో.

అట్లాంటిది ఉంది: ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ల 'అనేక్ తెలుగు'. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. వెడల్పు 75 నుంచి 125 వరకు, లావు 100 నుంచి 800 వరకు మార్చుకునే వీలుంది. జిప్ ఫైలులో స్టాటిక్ (వెడల్పు, లావు మారని ఫాంట్లు) అనే ఫోల్డర్ తెరిచి కండెన్స్‌డ్ ఎక్స్‌ట్రాబోల్డ్ వేసుకోండి. లోపల లైటు ఉండే బోర్డయితే ఒక మెట్టు తగ్గించి బోల్డ్ తీసుకోండి, వెలుగుకు అక్షరం ఉబ్బినట్టు కనిపిస్తుంది. రామభద్ర, బాలూ తమ్ముడు అనే ఫాంట్లు కూడా లావైనవే, అందమైనవే కానీ ఇరుకైనవి కావు. పేరు మూడు నాలుగు అక్షరాలే అయితే వాటినే వాడమంటాను.

పాత కోరల్‌లో యూనికోడ్ వత్తులు విడిపోతే ఇంక్‌స్కేప్‌ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైప్ చేసి, ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టి (అక్షరాలు గీతలుగా మారతాయి), ఎస్‌వీజీగా సేవ్ చేసి తెచ్చుకోండి. 'రైస్‌మిల్' లాంటి మాట కలిపి రాస్తే స్, మి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు) పెట్టాలి, లేకపోతే 'రైస్మిల్' అవుతుంది.

3 అడుగులంటే 36 అంగుళాలు. పైనా కిందా 2 చొప్పున వదలండి. పేరుకు 20, సందుకు 4, కింది వరుసకు 8. ఆ 20లో గుడి, వత్తులు పోగా అసలు అక్షరానికి దక్కేది 9 అంగుళాల చుట్టుపక్కల. అక్షరం ఎత్తు అంగుళానికి 10 అడుగుల దూరం నుంచి చదవొచ్చని బోర్డుల వాళ్ల లెక్క, కానీ అది ఇంగ్లీషుకు సరిపోయేది. ఇన్ని మెలికలున్న తెలుగుకు 90 అనుకోకుండా 60 అడుగులే అనుకోండి. 'బియ్యం'లో య వత్తు కుడికి సాగి సున్నాను దూరం నెట్టినట్టుంటే, కర్వ్స్‌ (గీతలు)గా మార్చాక వత్తును కొంచెం చిన్నది చేసి య కిందికి జరపండి. బ్రష్ ఆర్టిస్టులు గోడ మీద చేసేది ఇదే.

ఫ్లెక్స్‌కు పంపే ముందు డిజైన్‌ను 8 అంగుళాల వెడల్పుతో ఏ4 కాగితం మీద తీయండి. అది పన్నెండో వంతు. గోడకు అంటించి 5 అడుగుల దూరంలో నిలబడితే రోడ్డవతల 60 అడుగుల నుంచి చూసినట్టే. ధ, ప, ష తేడా తెలియకపోతే ఎక్స్‌ట్రాబోల్డ్ నుంచి బోల్డ్‌కు దిగండి. ఫోన్ నంబరు మాత్రం ఇంపాక్ట్‌లో వేయకండి. 6, 8, 9 లోపలి చీలికలు దూరానికి ఒకేలా కనిపిస్తాయి. మామూలు వెడల్పు అంకెలే పెట్టండి.

రేడియం స్టిక్కరుగానో, ఆక్రిలిక్ అక్షరాలుగానో కోయిస్తుంటే, వేరియబుల్ (వెడల్పు, లావు మార్చుకునే వీలున్న) ఫాంటులో గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. స్క్రీన్ మీద కనపడవు, కటింగ్ మిషన్ మాత్రం ఆ గీతల వెంటే కోసి అక్షరాన్ని ముక్కలు చేస్తుంది. పంపే ముందు అన్నీ సెలెక్ట్ చేసి వెల్డ్ (గీతలన్నీ ఒకటిగా కలిపేది) కొట్టి, గీతలు మాత్రమే చూపే వైర్‌ఫ్రేమ్ వ్యూలో ఒక్కసారి చూడండి.