మాలపల్లికి అట్ట వేయబోతున్న అబ్బాయికి

తిరుపతి

నాయనా,

కాలేజీ ప్రాజెక్టుగా ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' నవల అట్ట కోసం నువ్వు పంపిన నాలుగు ఫొటోలూ, వాటి కింద రాసిన కాన్సెప్ట్ నోట్సూ చూశాను. ఫొటోల మంచిచెడ్డలు మీ మాస్టారు చూసుకుంటారు. నేను నోట్స్ దగ్గర మొదలుపెడతాను. తేడా అక్కడే వచ్చింది.

"తరతరాల అణచివేతకూ, చెదిరిన ఆశలకూ ఈ చిత్రం ప్రతీక" అని రాశావు. ఈ వాక్యాన్ని తీసుకెళ్ళి ఇంకో పది నవలల కింద పెట్టు, ఎక్కడైనా అతుక్కుంటుంది. అలా అతుక్కుందంటే ఈ నవలకు అది పనికిరాదనే లెక్క. కాన్సెప్ట్ నోట్ అంటే నీ ఫొటోకు నువ్వు రాసుకునే ప్రశంసాపత్రం కాదు. ఫ్రేములో ఏ వస్తువు ఉంది, ఎక్కడ ఉంది, వెలుతురు ఎటు నుంచి పడుతోంది, ఏది కావాలని వదిలేశావు, నవలలో ఏ పేజీ చదివాక ఇది తట్టింది, ఇంతే రాయి. అర్థం చెప్పొద్దు. పుస్తకం చేతిలోకి తీసుకున్నవాడికి కూడా కొంచెం పని ఉండాలి కదా.

ఇక ఫొటోలు. గుడిసె ఫొటో చూస్తే నవ్వొచ్చింది, ఏమనుకోకు. పైన కేబుల్ వైరును కంప్యూటర్లో శుభ్రంగా చెరిపేశావు, దాని నీడ మాత్రం గోడ మీద అలాగే ఉండిపోయింది. దానికన్నా పెద్ద చిక్కు వెనకాల ఉంది. శేషాచలం కొండల వరుస! నీకు కళ్ళు తెరిస్తే కొండే కాబట్టి అది ఫ్రేములోకి వచ్చిన సంగతే గమనించి ఉండవు. నవలలో మంగళాపురం గుంటూరు వైపు ఊరు. ఆ కొండను చూసిన ఏ పాఠకుడైనా మొదట అనుకునేది తిరుపతి అనే. పొలం కావాలంటే కాళహస్తి దాటి నాయుడుపేట వైపు వెళ్ళు, కొండలు వెనకబడతాయి, నేల చదునవుతుంది. అంత దూరం ఎందుకంటే కెమెరా కిందికి వంచి ఉట్టి నేలనే తియ్యి. బిగించిన పిడికిలి ఫొటో గురించి ఏమీ చెప్పను. అది పోస్టరు.

ముసలాయన ముఖం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఫొటో బాగుంది. ముడతలు, కంటి చివర తడి, అన్నీ బాగా పట్టావు. కానీ ఆయన ఎవరు? తన ముఖం 'మాలపల్లి' అన్న పేరు కింద అచ్చవుతుందని ఆయనకు చెప్పావా? మన నవలలకు చాలాకాలం బొమ్మల అట్టలే ఉండేవి. బాపు, చంద్ర, మోహన్ లాంటి వాళ్ళు గీసేవాళ్ళు. బొమ్మకున్న వెసులుబాటు ఫొటోకు లేదు. గీసిన రైతు ఏ ఊరి వాడూ కాదు. నువ్వు తీసిన రైతు ఫలానా ఊళ్ళో ఫలానా ఇంటాయన. ఆయనకు మనవళ్ళుంటారు, వాళ్ళ చేతుల్లో ఫోన్లుంటాయి. ఒక కులం పేరు మోసే పుస్తకం మీద, ఆయన ఏ కులమో కూడా అడగకుండా, ముఖంలో దైన్యం కనబడింది కదా అని పెట్టేశావు. ఇది కాలేజీ ప్రాజెక్టే కదా అనకు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు పోయింది 1958లో. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళకు కాపీరైటు తీరిపోతుంది, అంటే 2019 నుంచి ఈ నవలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. నీ అట్ట నచ్చి రేపు ఒక చిన్న ప్రచురణకర్త అడిగితే ఇస్తావా, ఇవ్వవా? ఇస్తావు. అప్పుడు ఆ ముసలాయన సంతకం కోసం వెతుక్కుంటావు. మనిషి ముఖం వాడాలంటే ముందు అడుగు, అట్ట నమూనా చూపించు, కాగితం మీద రాయించుకో. అన్నీ చేశాక కూడా, ఈ నవలకు ముఖం పెట్టకపోతేనే మేలని నా అభిప్రాయం. కథలో ముఖ్యుడైన రామదాసు ఎలా ఉంటాడో పాఠకుడు ఊహించుకుంటాడు. అట్ట మీద ఒక ముఖం పెడితే పుస్తకం పొడుగునా ఆ ముఖమే అడ్డం వస్తుంది.

మరి ఏం తియ్యాలి? ముందు పుస్తకం చదవాలి. నీ నోట్స్‌లో ఉన్నదంతా సారాంశంలో దొరికే కథే. రామదాసు కొడుకు సంగదాసు ఆసామి చౌదరయ్య దెబ్బకు చనిపోవడం, అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై దొంగల నాయకుడు కావడం, అంతవరకే. నవల లావుగా ఉంటుంది, వందేళ్ళ కిందటి గుంటూరు మాట మన చిత్తూరు చెవికి మొదట్లో ఎక్కదు. యాభై పేజీలు ఓపిక పట్టు, తర్వాత అదే లాక్కుపోతుంది. ఉన్నవవారు దీన్ని రాసింది మనకు ఎంతో దూరంలో కాదు, రాయవెల్లూరు (ఇప్పటి వేలూరు) జైల్లో. అడవిలో పశువుల మేతకు వేసిన పన్ను మీద జరిగిన పల్నాడు పుల్లరి సత్యాగ్రహంలో శిక్ష పడి అక్కడ ఉన్నప్పుడు. చిత్తూరులో బస్సెక్కితే వేలూరు ఎంతసేపు! పుస్తకం 1922లో వచ్చింది, తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. ఇది తెలియగానే కటకటాల ఫొటో ఒకటి తియ్యాలని నీకు చెయ్యి దురద పెడుతుంది. వద్దు. అది వెనక అట్ట మీద రచయిత పరిచయంలో రెండు లైన్లు, అంతే.

చదివేటప్పుడు పెన్సిల్ దగ్గర పెట్టుకో. భావాల కింద గీతలు గీయకు, చేత్తో పట్టుకోగలిగిన వస్తువు వచ్చిన చోటల్లా గీయి. కొంతదూరం పోయాక ఒక గొడవ దగ్గర ఆగుతావు. కూలి గింజల్లో కొలవాలా, డబ్బుల్లో ఇవ్వాలా? ధాన్యం ధర పెరిగినప్పుడు చేతిలో డబ్బులు పెట్టి పంపిస్తే ఆసామికి లాభం, కూలివాడి కడుపుకు నష్టం. ధర్మం, భక్తి, ఉద్యమం అని నవలలో ఎంత ఎత్తుకు మాట్లాడుకున్నా కింద ఈ లెక్క నడుస్తూనే ఉంటుంది. నాకైతే అట్ట ఇక్కడే ఉంది.

ఒక కుంచం, అంటే గింజలు కొలిచే పాత్ర, తీసుకున్నాం అనుకో. వడ్లు నింపి, కొన్ని ఒలకబోసి తీస్తే సంక్రాంతి గ్రీటింగ్ కార్డు అవుతుంది. వడ్లు తీసెయ్యి. అడుగున నాలుగు నాణేలు వెయ్యి. కొలిచే పాత్రలో కొలవడానికి వీల్లేని వస్తువు. ఇప్పటి రూపాయి బిళ్ళలు వెయ్యకు, తళతళమని మొత్తం పాడు చేస్తాయి. ఐదో జార్జి బొమ్మ ఉన్నవి, అంచు వంపులు తిరిగిన అణాలు, పాత నాణేలు అమ్మేవాళ్ళ దగ్గర దొరుకుతాయి. కుంచం కూడా స్టీలుది కాకుండా పాతది వెతుకు, పల్లెల్లో ఎవరింటి అటక మీదో ఉంటుంది. నేరుగా పై నుంచి తీస్తే ఉట్టి వృత్తం మిగులుతుంది, లోతు పోతుంది. కొంచెం వాలుగా తియ్యి. పొద్దున కిటికీ వెలుతురు ఒక పక్క నుంచి, రెండో పక్క ఒక తెల్ల అట్టముక్క చాలు. లోపలి గోడకు ఒకటి రెండు వడ్లగింజలు అంటుకుని ఉండాలి, నిన్నటిదాకా ఇందులో ఏం కొలిచారో అవి చెబుతాయి. ఇది నీకు ఇచ్చేస్తున్నాననుకోకు. ఇది నేను చదివిన నవల. నువ్వు చదివితే ఇంకోటి దొరుకుతుంది, అది కావాలి నాకు.

అచ్చు సంగతి కూడా ముందే తలలో పెట్టుకో. డెమ్మీ 1/8 సైజు పుస్తకం అంటే సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 1650 బై 2550 పిక్సెల్స్, చుట్టూ కోతకు ఇంకో 3 మిల్లీమీటర్లు. ఫొటోను వెన్ను మీదుగా వెనక అట్టకు కూడా పరచాలనుకుంటే, అట్టను విప్పి పరిచినప్పుడు ముందు భాగం కుడివైపు వస్తుందని మర్చిపోవద్దు. మీ వాళ్ళు చాలామంది ముఖ్యమైనదాన్ని ఎడమ పక్కన పెట్టి, ఆనక తలపట్టుకుంటారు. పేరుకు చోటు వదులు. 'మాలపల్లి'లో చివరి అక్షరం చూడు, పైన గుడి, కింద ఒత్తు. ఇంగ్లిష్ అట్టలు చూసి సన్నటి పట్టీ వదిలితే ఒత్తు పోయి కుంచం అంచు మీద కూర్చుంటుంది. కుంచం లోపలి చీకటి నీ స్క్రీన్ మీద మెట్లు మెట్లుగా కనబడుతుంది గానీ అచ్చులో అంతా ఒకే మసి అవుతుంది, మెరుపు లేని ప్లాస్టిక్ పొర, అదే మ్యాట్ లామినేషన్, వేస్తే ఇంకా మందగిస్తుంది. కాబట్టి నీడలు మరీ నల్లబడకుండా కాస్త తెరిచే ఉంచు. తర్వాత అట్టను ఫోన్లో తపాలా బిళ్ళంత చేసి చూడు. ఇప్పుడు కొనేవాళ్ళు చాలామంది మొదట చూసేది ఆ సైజులోనే.

ఈసారి ఫొటోలు పంపకు. నోట్స్ మాత్రమే, మూడు, ఒక్కోటి నాలుగు లైన్లు దాటకుండా పంపు. 'ప్రతీక' అన్న మాట ఎక్కడ కనబడినా ఆ కాగితం వెనక్కి పంపిస్తాను. చదువుతుంటే నాకు ఫ్రేము కనబడిందా, అప్పుడు కెమెరా తియ్యి.

మీ నాన్నను అడిగానని చెప్పు. ఉంటాను.