తొమ్మిదో తరగతిలో మార్కులు పడిపోతే ముందు ఏం చూడాలి?

ఎనిమిది దాకా బాగా చదివిన మీ అబ్బాయి తొమ్మిదికి వచ్చేసరికి లెక్కల్లో వెనకబడ్డాడు, లోపం ఇంట్లో ఉందా స్కూల్లో ఉందా అని అడిగారు. నేను ప్రకాశం జిల్లా కొండపి వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నేను చూసినంతలో ఈ రెంటినీ విడదీయలేం. ఇంట్లో మొదలైంది బడిలో ముదురుతుంది.

మా వైపు పొగాకు ఎక్కువ. సంక్రాంతి దాటిందంటే బ్యారన్ల పని, అంటే పొగాకును మంట వేడితో ఆరబెట్టే గదుల పని జోరందుకుంటుంది. ఆకు కోసి తెచ్చి కర్రలకు కట్టాలి, లోపల ఎక్కించాక అయిదారు రోజులు రేయింబవళ్లు మంట చూసుకోవాలి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలేమో మార్చిలో. ఒక ఏడాది, పిలవకుండానే బోర్డు దగ్గరికి వచ్చే అమ్మాయి ఫిబ్రవరిలో బెంచీ మీద నుంచి లేవడమే మానేసింది. నోట్సు దిద్దుతుంటే కనబడింది, పచ్చాకు జిగురు పట్టి వేళ్లు నల్లగా ఉన్నాయి. సబ్బుకి ఓ పట్టాన వదలదది. ఎవరో నవ్వారట. చాక్‌పీసు పట్టుకోవాలంటే సిగ్గు. డౌట్లు అడగడం ఆగిపోయింది, దాంతో త్రికోణమితి మొత్తం వదిలేసింది. ఇంట్లోవాళ్లు మాత్రం నిద్ర చాలక అలా ఉందనుకున్నారు. అదీ నిజమే.

వాళ్ల నాన్నను కదిలిస్తే "కూలోళ్లు దొరకట్లేదు సార్, ఏం చెయ్యమంటారు" అన్నాడు. అబద్ధమేం కాదు. చదువు గొప్పతనం గురించి ఉపన్యాసం ఇస్తే తలూపి వెళ్లిపోయేవాడే. అందుకే బేరం పెట్టాను: సాయంత్రం స్టడీ అవర్ అయ్యేదాకా పాపను బడిలో ఉంచండి, ఆకు కట్టడానికి ఆదివారం పిలుచుకోండి. సగానికి ఒప్పుకున్నాడు. క్లాసులో బోర్డు మీద చేయించడం కొన్నాళ్లు ఆపి, ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి కాగితం మీద చేయించాను. ఆ పిల్లేమీ ఫస్ట్ రాలేదు గానీ లెక్కల పేపరు గట్టెక్కింది.

పదో తరగతి మార్కులతో ఇచ్చే మన రాష్ట్ర ట్రిపుల్ ఐటీ (ఆర్జీయూకేటీ) సీట్లకి హాస్టల్ లేని ప్రభుత్వ బడుల పిల్లలకు నాలుగు శాతం కలుపుతారు. అదేదో ఉచితంగా ఇస్తున్నట్టు మాట్లాడేవాళ్లను ఒకసారి ఫిబ్రవరిలో మా బడికి రమ్మనాలి.

మీ అబ్బాయి సంగతికొస్తే, తొమ్మిదిలో బహుపదులు, జామెట్రీ నిరూపణలు వస్తాయి. జవాబుతో సరిపోదు, ఎందుకో రాయాలి. భిన్నాలు, రుణ సంఖ్యల్లో పాత తడబాటు ఉంటే ఇక్కడే బయటపడుతుంది. పేపరు ఇంటికి తెచ్చినప్పుడు "ఎన్నొచ్చాయి" అనే ముందు "ఏ లెక్క దగ్గర ఆగావు" అని అడిగి చూడండి. పక్కింటివాడి మార్కులు మాత్రం ఎత్తకండి, ఎత్తితే ఈసారి పేపరే చూపించడు. లెక్కల టీచరును కలిసినప్పుడు వాడు ఎక్కడ కూర్చుంటున్నాడు, ఎవరితో ఉంటున్నాడు, చివరిసారి డౌట్ ఎప్పుడు అడిగాడు అని కనుక్కోండి. ట్యూషన్ గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.