పంపుహౌస్ ఆగితే ఊరు ఎన్ని గంటలు ఓపగలదు?

ప్రశ్న: దేశ భద్రత, మౌలిక వసతుల రక్షణ మీద ప్రాజెక్టు చేయమన్నారు మా గైడు. ల్యాబు లేదు, నిధులూ లేవు. ఇక్కడుండి ఏం చేయగలను?
— ఎంటెక్ విద్యార్థిని, రాజాం

జవాబు: ఈ పేరు వినగానే తుపాకులు, డ్రోన్లు గుర్తొస్తాయి గానీ, ఒకటి పడిపోతే దాన్ని నమ్ముకున్నవి ఏ వరుసలో పడతాయో లెక్క తీయడమే ఇందులో పెద్ద పని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు కూలాయి, మోటార్లు ఆగాయి, కొళాయిలు ఎండాయి. ఆపింది గాలా, హ్యాకరా అన్నది కొళాయికి తెలీదు.

దగ్గర్లోని మంచినీటి పథకం ఒకటి తీసుకోండి. పైపుల మ్యాపు కోసం గ్రామీణ నీటి సరఫరా ఏఈ గారిని కాలేజీ లెటర్‌హెడ్ మీద అడగండి. పైపుల్లో నీటి ఒత్తిడి, ప్రవాహం లెక్కగట్టే ఈపానెట్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, అందులో గీయండి. 2.2 లేదా ఆ తర్వాతి వెర్షనే వాడాలి. పాతవాటిలో ఒత్తిడి లేకపోయినా ఇంటింటికీ నీళ్లు అందినట్టే లెక్క కట్టి, మైనస్ ప్రెషర్లు చూపిస్తుంది. 2.2లో ఒత్తిడిని బట్టి నీళ్లు తగ్గించే పద్ధతి ఉంది, కాకపోతే దాన్ని మనమే ఆన్ చేయాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

మూడు వేల జనాభా, మనిషికి రోజుకు 55 లీటర్లు అనుకుంటే 1,65,000 లీటర్లు. ట్యాంకు 60,000 లీటర్లదైతే సగటున 8 గంటల 44 నిమిషాలు వస్తుంది. కానీ తెల్లారి వాడకం సగటుకు రెండున్నర రెట్లుంటే మూడున్నర గంటలే. కరెంటు పోయిందని తెలిస్తే ఊరంతా బిందెలు, డ్రమ్ములు నింపేస్తుంది, అప్పుడు అదీ ఉండదు. ఈ మూడూ వేర్వేరుగా నడిపి చూడండి.

తర్వాత జనరేటర్. 15 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు సుమారు 13 కిలోవాట్లు లాగుతుంది. అది చూసి 15 కేవీఏ జనరేటర్ పెడితే స్టార్టు నొక్కగానే చతికిలబడుతుంది, నేరుగా స్టార్ట్ చేస్తే ఐదారు రెట్ల కరెంటు కావాలి మరి. స్టార్-డెల్టా స్టార్టర్ ఉంటే అందులో మూడో వంతు చాలు. డీజిల్ గంటకు నాలుగు లీటర్లు దాటుతుంది. అన్నట్టు, పెట్రోలు బంకులో పంపు తిరగడానికీ కరెంటే కావాలి. ఏది దేన్ని నమ్ముకుందో చూపే మీ బొమ్మలో ఈ గీత లేకపోతే బొమ్మ తప్పే.

నీళ్లు ఆగిన పైపు కారే జాయింట్ల గుండా మురుగును లోపలికి లాక్కుంటుంది. కాబట్టి తిరిగి వదిలే ముందు క్లోరిన్ లెక్క కూడా రాయండి. 60,000 లీటర్లకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 120 గ్రాముల క్లోరిన్. 33 శాతం బ్లీచింగ్ పౌడరైతే సుమారు 365 గ్రాములు, మూత తీసి ఉంచిన పాత బస్తాలో బలం 25 శాతానికి పడిపోతే 480. చివరి కొళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి.

ప్రశ్న: పంపుహౌస్ పీఎల్‌సీని (మోటార్లు నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటర్‌ను) నెట్‌వర్క్ ద్వారా స్కాన్ చేసి లోపాలు రాయొచ్చా?
— బీటెక్ విద్యార్థి, టెక్కలి

జవాబు: వద్దు బాబూ. అనుమతి లేకుండా చేస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడే ప్రమాదం ఉంది. ప్రభుత్వం రక్షిత వ్యవస్థగా ప్రకటించినదైతే 70వ సెక్షన్ కింద పదేళ్ల దాకా. పైగా పాత పీఎల్‌సీలు మామూలు స్కాన్‌కే బిగుసుకుపోతాయి, మోటారు మధ్యలో ఆగుతుంది. ఈ యంత్రాలు మాట్లాడుకునే 1979 నాటి మాడ్‌బస్ పద్ధతిలో పాస్‌వర్డన్నదే లేదు, ఆ లోపం లోకానికంతా తెలిసిందే.

ఓపెన్‌పీఎల్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో టేబుల్ మీద చిన్న ట్యాంకు కట్టి, అబద్ధం చెప్పే సెన్సారును పట్టుకోవడం మీద పని చేయండి. ఉదాహరణకు అడుగు భాగం వైశాల్యం 20 చదరపు మీటర్లున్న ట్యాంకులో మట్టం 10 సెంటీమీటర్లు పెరగాలంటే 2,000 లీటర్లు చేరాలి. పంపు నిమిషానికి 500 లీటర్లు పోస్తుంటే, కొళాయిలన్నీ కట్టేసినా నాలుగు నిమిషాలు పడుతుంది. ఒక్క నిమిషంలో పెరిగిందని సెన్సారు చెబితే నమ్మకండి.

ప్రశ్న: ఇలాంటి పరిశోధన ఎక్కడ జరుగుతోంది?
— లెక్చరర్, విజయనగరం

జవాబు: అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ యూనివర్సిటీల్లోనే కేంద్రాలు పెట్టించింది. మొదటిది సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలోని క్రియేట్, ఉగ్రదాడుల ముప్పు, ఆర్థిక నష్టం లెక్కగట్టే కేంద్రం. మన దగ్గర ఐఐటీ కాన్పూర్‌లోని సైబర్ భద్రత పరిశోధన కేంద్రం సీ3ఐ హబ్ చూడండి. కీలక వ్యవస్థల రక్షణకు జాతీయ సంస్థ ఎన్‌సీఐఐపీసీ 2014లో వచ్చింది. మీ విద్యార్థుల థీసిస్‌లో మాత్రం వాల్వులు, బావుల అసలు కోఆర్డినేట్లు అచ్చు వేయించకండి. అన్నిటినీ ఒకే దిక్కుకు, ఒకే దూరం జరిపి గీస్తే హైడ్రాలిక్ లెక్క ఏమీ మారదు.